కౌంటర్ మీదికి నకిలీ మ్యాజిక్ కార్డు వస్తే

ఎవరైనా షాపుకు అమ్మడానికి తెచ్చిన ఖరీదైన ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ ఆట కార్డును కవర్లోంచి తీయకుండా కొనకండి. 30 నుంచి 60 రెట్లు పెద్దది చేసే చిన్న భూతద్దం చాలు. కార్డు వెనక ఆకుపచ్చ గుండ్రం చూడండి: అసలు కార్డులో నాలుగు ఎర్ర చుక్కలు ఎల్ అక్షరంలా కనిపిస్తాయి. తర్వాత ముందువైపు పేరు. అసలుదాంట్లో నల్ల అక్షరాలు విడిగా, నిండుగా అచ్చవుతాయి, అంచులు పదునుగా ఉంటాయి. స్కాన్ చేసి ముద్రించిన నకిలీలో అక్షరాల్లోనే రంగు చుక్కలు చెదిరి ఉంటాయి.

కార్డు వెనక లైటు పెట్టి వెలుగు ఎలా వస్తుందో చూసే లైటు పరీక్ష ఒక్కదాన్నే నమ్మొద్దు, మంచి నకిలీలు అందులో నెగ్గుతాయి. అదే సెట్‌లోని, అంటే దాంతోపాటే విడుదలైన, చవక కార్డును పక్కన పెట్టి పోల్చడం ఎప్పుడూ మేలు. వంచి చూసే పరీక్ష వద్దే వద్దు. అసలు కార్డే పాడైతే ఆ నష్టం మీదే.

తెచ్చినవాళ్లలో చాలామంది తామే మోసపోయి ఉంటారు. అందుకే నలుగురిలో నిలదీయకండి. పక్కకు పిలిచి, భూతద్దంలో వాళ్లకే చూపించి, కార్డు తిరిగిచ్చేయండి. లాక్కునే హక్కు షాపుకు లేదు. టోర్నమెంట్ మధ్యలో బయటపడితే ఆట ఆపి జడ్జిని పిలవండి, తీర్పు మీరు చెప్పొద్దు. నకిలీ అని చెప్పాక కూడా తెచ్చినవాళ్లు అదే కార్డును కుర్రాళ్లకు అంటగట్టబోతే, తేదీతో రాసిపెట్టుకుని, షాపులోకి రావద్దని ఇద్దరు సిబ్బంది ఎదుట చెప్పండి.