అమెరికా అధ్యక్షుడి ప్రమాణ స్వీకార పరేడ్‌ను చూడడం ఎలా?

అమెరికా రాజ్యాంగం కొత్త అధ్యక్షుడి నుంచి కోరేది ప్రమాణం ఒక్కటే. ఆ తర్వాత సాగే పరేడ్ తరతరాలుగా ఏర్పడిన ఆచారం మాత్రమే కనుక, అధ్యక్షుడు జనానికి ఎంత చేరువగా వచ్చాడు, ఆ దారిలో నడిచే అవకాశం ఎవరికి దక్కింది అన్న రెండు విషయాలను గమనిస్తూ చూస్తేనే దాని అర్థం బోధపడుతుందని నా నమ్మకం.

మొదట దారిని గుర్తుపెట్టుకోండి. అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ కొలువుదీరే కాపిటల్ భవనం నుంచి పెన్సిల్వేనియా అవెన్యూ మీదుగా శ్వేతసౌధం వరకు అది సుమారు మైలున్నర ఉంటుంది. 1805లో రెండోసారి ప్రమాణం చేసిన థామస్ జెఫర్సన్ గుర్రంపై నివాసానికి తిరిగి వెళ్తుండగా నౌకాదళ నౌకా నిర్మాణ కేంద్రపు కార్మికులు, మెరైన్ దళపు వాద్య బృందమైన మెరైన్ బ్యాండ్ వెంట నడిచారు. వాషింగ్టన్ నగరంలో ఈ సంప్రదాయానికి అదే మొదలని చెబుతారు. ఎర్ర కోట్లు ధరించిన మెరైన్ బ్యాండ్‌ను ఇప్పటికీ ఈ వేడుకల్లో చూడవచ్చు.

అధ్యక్షుడి కారు దారిలో ఎక్కడ ఆగుతుందో ప్రత్యేకంగా కనిపెట్టి చూడండి. 1921లో హార్డింగ్ తొలిసారి మోటారు కారులో వచ్చాడు. 1977లో జిమ్మీ కార్టర్ కారు దిగి, భార్య రోజలిన్‌తో కలిసి శ్వేతసౌధం దాకా నడిచాడు. తర్వాతి అధ్యక్షుల్లో పలువురు కొంత దూరమైనా నడవడానికి ఆ నడకే ప్రేరణ.

ఇక నడిచేవారి సంగతి. నా దృష్టిలో పరేడ్ చరిత్రలో అన్నింటికన్నా విలువైన భాగం ఇదే. 1865 మార్చిలో లింకన్ రెండో ప్రమాణ స్వీకారం నాడు నల్లజాతి సైనికులు తొలిసారి ఈ ఊరేగింపులో నడిచారు. బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేసిన రాజ్యాంగ 13వ సవరణ ఆమోదం పొందడానికి అప్పటికి ఇంకా తొమ్మిది నెలలుంది. 1913లో విల్సన్ ప్రమాణానికి ముందురోజు ఓటుహక్కు కోసం వేలాది మహిళలు ఇదే వీధిలో ప్రదర్శన జరిపితే, మూకలు అడ్డుపడి దౌర్జన్యం చేశాయి, పోలీసులు తగిన రక్షణ కల్పించలేదు. నాలుగేళ్ల తర్వాత, 1917లో, మహిళలు అధికారిక పరేడ్‌లోనే నడిచారు. కాబట్టి బృందాలు సాగిపోతున్నప్పుడు వారు ఏ రాష్ట్రం నుంచి, ఏ సంస్థ తరఫున వచ్చారో వ్యాఖ్యాత చెప్పే మాటలను శ్రద్ధగా వినండి.

స్వయంగా వెళ్లదలచినవారు తేదీని, వాతావరణాన్ని ముందే చూసుకోవాలి. 1937 నుంచి ప్రమాణ స్వీకారం మార్చి 4కు బదులు జనవరి 20న జరుగుతోంది. ఆ రోజు ఆదివారమైతే బహిరంగ వేడుకను సోమవారం జరుపుతారు. తదుపరిది 2029లో, శనివారం నాడు వస్తుంది. తీవ్రమైన చలి వల్ల 1985లో పరేడ్‌నే రద్దు చేశారు, 2025లో దాన్ని ఇండోర్ స్టేడియంలోకి మార్చారు. అందువల్ల ప్రయాణ టికెట్లు కొనేటప్పుడే రద్దు నిబంధనలు చదువుకోవడం మంచిది.

కాపిటల్ వద్ద జరిగే ప్రమాణ కార్యక్రమానికి ఉచిత టికెట్లను కాంగ్రెస్ సభ్యుల కార్యాలయాలు ఇస్తాయి కనుక, అమెరికాలో ఉంటున్న తెలుగువారు తమ నియోజకవర్గపు సభ్యుడి కార్యాలయాన్ని ఎన్నికలు ముగియగానే సంప్రదించాలి. పరేడ్ ఏర్పాట్లను మాత్రం వేరే కమిటీ చూస్తుంది. రోడ్లు మూసివేస్తారు కాబట్టి మెట్రోలో వెళ్లండి, భద్రతా తనిఖీలకు చాలా సమయం పడుతుంది కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరండి, పెద్ద సంచులు తీసుకెళ్లకండి, ఉన్ని దుస్తులు ఒకదానిపై ఒకటి వేసుకోండి.