ఇంటిపేరు ఎక్కడిదో వెతికే పద్ధతి: ఓరుగల్లు చుట్టుపక్కల వాళ్ళ కోసం

ఇంటిపేరుకు అర్థం ఏమిటని ముందే నిఘంటువు తెరవకండి. చాలామంది వెతుకులాట దారి తప్పేది అక్కడే. ఇంటిపేరు 'పులి' కాగానే పులిని చంపిన ముత్తాత కథ ఒకటి పుడుతుంది. పిల్లల దాకా వచ్చేసరికి అదే చరిత్ర అయి కూర్చుంటుంది. ముందు తేల్చాల్సింది మనవాళ్ళు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చారన్నది. ఆ దారి దొరికాక అర్థం చాలాసార్లు దానంతటదే తేలుతుంది. దారి తెలియకుండా చెప్పుకునే అర్థం ఉత్త ఊహే.

ఇంట్లో అడగాల్సినవి

ఒక నోటుబుక్కు తీసుకుని తరానికో పేజీ పెట్టండి. ప్రతి మనిషికీ ఐదు గళ్ళు: పేరు, తండ్రి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, ఉన్న ఊరు, ఇలవేల్పు. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు తాత ముత్తాతల పేర్లు వరసగా చెప్పిస్తారు కదా, ఆ పేర్లు అక్కడికక్కడే రాసుకోండి. మామూలు రోజు అడిగితే గుర్తురాని ముత్తాత పేరు ఆ రోజు నోటికొస్తుంది.

"మన ఇంటిపేరు ఎక్కడిది?" అని నేరుగా అడిగితే "ఏమో బిడ్డా, మొదటిసంది గంతే" అంటారు. ప్రశ్న మార్చాలి. మన ఇలవేల్పు ఏ ఊర్ల ఉన్నది? పిల్లల పుట్టెంటికలు ఎక్కడ తీసేటోళ్ళు? ఎవరింట్ల సావైతే మనకు మైల పడతది? ఏ ఊరి పాలోళ్ళు లగ్గాలకు వస్తరు? మైల లెక్క ముఖ్యం. ఊర్లు వేరైనా, మాటలు లేకపోయినా, మైల పడుతుందంటే రక్తసంబంధం ఉన్నట్టే. ఈ సంగతులు నాయనమ్మలకే ఎక్కువ తెలుస్తాయి, ఏ పిల్లను ఏ ఊరికి ఇచ్చారో, ఏ ఊరి నుంచి తెచ్చారో వాళ్ళే చెప్పగలరు.

తరానికి 25 నుంచి 30 ఏళ్ళు లెక్క వేయండి. ఐదు తరాలు దొరికితే 125–150 ఏళ్ళ వెనక్కి వెళ్ళినట్టు. నోటిమాట మీద అంతకు మించి పోవడం కష్టం.

పేరు ఏ తీరుదో గుర్తుపట్టడం

చివరన పర్తి, పల్లి, కొండ, కుంట, చర్ల, వాయి ఉంటే ముందు ఊరి పేరుగా అనుమానించండి. బోయిన ఎక్కువగా గొల్ల, ముదిరాజు ఇళ్ళల్లో, గోని, గాని ఎక్కువగా గౌడ్ల ఇళ్ళల్లో వినిపిస్తాయి. అలాంటి పేర్లలో ముందున్న మాట తరచుగా ఒక మూలపురుషుడి పేరై ఉంటుంది. గాదె లాంటివి వస్తువు పేర్లు. తండాల్లో ఓత్, వత్ అని ముగిసేవి ఫలానా వాడి వంశం వాళ్ళని చెప్పే పేర్లు. వాటికి తెలుగు నిఘంటువులో అర్థం వెతికితే ఏమీ దొరకదు.

ములుగు, ఏటూరునాగారం వైపు కోయ ఇళ్ళల్లో ఇంటిపేరు కంటే ముందు గట్టు అడగాలి. ఒకే గట్టు వాళ్ళు ఇంటిపేర్లు వేరైనా అన్నదమ్ముల వరసే, పెళ్ళి సంబంధం కలుపుకోరు. పక్క భాషల నుంచి వచ్చిన పేర్లూ ఉంటాయి. కాళోజీ నారాయణరావు పెరిగింది మడికొండలోనే గానీ 1914లో పుట్టింది కర్ణాటకలోని రట్టిహళ్ళిలో. ఆ పేరు చివరి 'జీ'కి తెలుగులో మూలం వెతికితే తప్పు దారే.

ఊరి పేరే ఇంటిపేరైతే

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. 'మడికొండ' ఇంటిపేరు వాళ్ళు మడికొండలోనే ఎక్కువ ఉండాలని అక్కడికే పోయి వెతుకుతారు. మడికొండలో ఉన్నవాణ్ణి పక్కింటాయన మడికొండ అని ఎందుకు పిలుస్తాడు? ఊరు విడిచి ఇంకో ఊరికి పోయాకే ఆ పేరు అంటుకుంటుంది. కాబట్టి మూలం ఊళ్ళో ఆ ఇంటిపేరు ఒక్కటి కూడా లేకపోవచ్చు. చుట్టూ ఎడ్లబండి పోయే దూరంలోని ఊళ్ళలో మాత్రం గుంపులు గుంపులుగా కనిపిస్తుంది. కాకతీయుల పేరూ ఇలా వచ్చిందే: వెన్నడనే పూర్వీకుడు కాకతిలో ఉండి పాలించాడనీ, అందుకే అతని వంశం వాళ్ళకు ఆ పేరు వచ్చిందనీ బయ్యారం చెరువు శాసనం చెబుతుంది.

ఎందరున్నారో లెక్కపెట్టడం

దీనికి ఓటరు జాబితా బాగా పనికొస్తుంది. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైటులో నియోజకవర్గం, పోలింగు కేంద్రం వారీగా పీడీఎఫ్‌లు దొరుకుతాయి. చాలా ఫైళ్ళలో తెలుగు పేరు టైపు చేసి వెతికితే రాదు, పేజీ పేజీ చూడాల్సిందే. మనుషుల్ని కాదు, ఇళ్ళను లెక్కపెట్టండి. పెళ్ళయ్యాక కొందరు ఆడవాళ్ళ ఇంటిపేరు మారుతుంది, కొందరిది మారదు. తలలు లెక్కపెడితే ఒకే ఇల్లు రెండు ఇంటిపేర్ల కింద పడుతుంది. ఊరికో అంకె చొప్పున జిల్లా పటం మీద రాసుకుంటే గుంపు ఎక్కడుందో కంటికే తెలుస్తుంది.

ఇంగ్లీషు జాబితాలు చూస్తే జాగ్రత్త. 'తాళ్ళపల్లి' తీసుకోండి: త అక్షరం రెండు తీర్లు, దీర్ఘం రెండు తీర్లు, ళ్ళ రెండు తీర్లు, చివరి ఇకారం రెండు తీర్లు. ఒక్క పేరుకే 16 స్పెల్లింగులు. ఒక స్పెల్లింగుతో వెతికి 'మా ఇంటిపేరు చాలా అరుదు' అనుకునేవాళ్ళు ఎందరో.

కాగితాలు

భూమి ఉన్న ఇంటికి 1954–55 ఖాస్రా పహాణీ, అంటే ఏ సర్వే నంబరు భూమి ఎవరి చేతిలో ఉందో రాసిన ఊరి లెక్క, మంచి ఆధారం. సర్వే నంబరు తెలిస్తే తహసీల్దారు కార్యాలయంలో నకలు అడగవచ్చు. అంతకు ముందుది సేత్వార్, అంటే భూమి కొలిచినప్పుడు రాసిన మొదటి లెక్క. వీటిలో ఇంటిపేరు కంటే 'ఎల్లయ్య వల్ద్ మల్లయ్య' అన్న పద్ధతే ఎక్కువ, వల్ద్ అంటే కొడుకు. అందుకే ఇంట్లో రాసుకున్న తండ్రుల పేర్లు ముందే చేతిలో ఉండాలి. అవి లేకపోతే ఊళ్ళో ఉన్న నలుగురు ఎల్లయ్యల్లో మనవాడెవరో తేలదు.

పాత కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. ఆ లిపిలో హ్రస్వాలు సాధారణంగా రాయరు, ఒత్తులు తరచుగా వదిలేస్తారు. రాసిన చోట కూడా ఉ, ఊ, ఒ, ఓలకు వావ్ అనే ఒకే అక్షరం, ల–ళకు తేడా లేదు, న–ణకు తేడా లేదు. 'బొల్లి' అని రాసినదాన్ని బోలి, బూలి అని కూడా చదవవచ్చు. చదివి పెట్టేవాళ్ళకు మీ ఇంటిపేరు ముందే చెప్పకండి, వాళ్ళు చదవగలిగిన రూపాలన్నీ రాయించుకుని తర్వాత పోల్చుకోండి. ముందే చెబితే లేని చోట కూడా అదే కనిపిస్తుంది. నిజాం కాలపు దస్త్రాలకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాలి. భూమి లేని ఇళ్ళకు పాత బడి ప్రవేశ రిజిస్టర్లు, లగ్గం పత్రికలే దిక్కు.

పటం కథలవాళ్ళు

కాగితం లేని కులాలకు మనుషులే దస్త్రం. పద్మశాలీలకు కూనపులివారు, గౌడ్లకు ఏనూటివారు, మాదిగలకు డక్కలివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, చాకలివారికి పటంవారు. వీళ్ళు చేర్యాల నకాషీలు (పటాలు గీసే చిత్రకారులు) గీసిన పటం విప్పి కులపురాణం చెబుతారు. కోయలకు పడిగెల (బొమ్మలున్న గుడ్డ జెండాల) మీద ఇంటి చరిత్ర ఉంటుంది. ఏ ఊళ్ళు ఎవరి పాలో వాళ్ళలో వాళ్ళకు పంపకం ఉంది కాబట్టి మీ ఊరు ఎవరి పాలిదో ముందు కనుక్కోండి. వచ్చినప్పుడు కట్నం పెట్టి, కూర్చోబెట్టి, కథ మొత్తం రికార్డు చేయండి, మధ్యలో ఆపకండి. దేవతల భాగాన్ని పురాణంగానే వినండి. ఇళ్ళ పేర్లు, ఊళ్ళ పేర్లు వచ్చే భాగాన్ని మాత్రం మీ నోటుబుక్కుతో సరిచూడండి.

ఇంటిపేరు ఒకటైతే ఇల్లు ఒకటే అనుకోవద్దు. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి 1213 నాటి శాసనం పాలంపేటలో ఉంది. ఆ రేచర్ల రెడ్లకు ఉన్న పేరే తర్వాత రాచకొండ, దేవరకొండ ఏలిన వెలమలకూ ఉంది. కులం, గోత్రం లేదా గట్టు, ఇలవేల్పు, మైల, ఇవన్నీ కలిస్తేనే ఒక ఇల్లని రాసుకోండి.

అర్థం

ఇప్పుడు నిఘంటువు తెరవండి, అదీ ఇప్పటి రూపంతో కాదు, దొరికినంత పాత రూపంతో. పాలకుర్తి అనగానే పాలు గుర్తొస్తాయి గానీ పాత రూపం పాల్కురికి. హనుమకొండలో హనుమంతుడు కనిపిస్తాడు గానీ వేయిస్తంభాల గుడిలోని 1163 శాసనంలో ఉన్నది అనుమకొండ. మీ ఇంటిపేరు ఊరి పేరైతే పురావస్తు శాఖ ప్రచురించిన వరంగల్ జిల్లా శాసనాల సంపుటిలో ఆ ఊరు కోసం చూడండి, చివర ఊళ్ళ పేర్ల సూచికతో మొదలుపెడితే తొందరగా తేలుతుంది. పాత రూపం దొరకలేదంటే అర్థం ఏమీ రాయకుండా వదిలి, మూలం ఊరు, వలస దారి మాత్రం రాసి ఉంచండి.