ఇంగ్లిష్ క్రియలు, 7వ పాఠం: ‘గెట్’ పక్కన ఏముందో చూడండి

గత పాఠంలో ‘టేక్’ చూశాం. ఈసారి ‘గెట్’. డిక్షనరీలో ఈ మాట దగ్గర ఆగితే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. పొందడం, తేవడం, చేరడం, మారడం, అర్థం చేసుకోవడం, చేయించడం... పేజీ తిప్పినా అర్థాలు అయిపోవు. వాటిని బట్టీ పట్టే పని పెట్టుకోవద్దు. గెట్‌కి ఏ అర్థం వస్తుందో చాలావరకు దాని తర్వాతి మాటే చెప్పేస్తుంది. అందుకని వాక్యంలో గెట్ కనబడగానే పక్క మాట చూడండి.

పక్కన నామవాచకం ఉంటే రావడం, దొరకడం. ‘ఐ గాట్ ఎ లెటర్’: నాకు ఉత్తరం వచ్చింది. ‘షీ గాట్ ఎ జాబ్’: ఆమెకు ఉద్యోగం దొరికింది. ‘హి గాట్ ఎ కోల్డ్’: అతనికి జలుబు చేసింది. తెలుగులో ఒక్కోదానికి ఒక్కో క్రియ కావాలి, ఇంగ్లిష్‌కి గెట్ ఒక్కటే చాలు. ఇంకో తేడా కూడా ఉంది. మనం ‘నాకు’, ‘ఆమెకు’ అని ఎత్తుకునేచోట వాళ్లు ‘ఐ’, ‘షీ’ అని ఎత్తుకుంటారు. పక్కన మనిషి, ఆ తర్వాత వస్తువు ఉంటే తెచ్చిపెట్టడం: ‘గెట్ మి ఎ చెయిర్’, నాకో కుర్చీ తెచ్చిపెట్టు.

చోటు పేరు వస్తే చేరడం. ‘వెన్ డిడ్ యూ గెట్ టు ద స్టేషన్?’ హోమ్, హియర్, దేర్‌లకి ముందు మాత్రం ‘టు’ పెట్టకూడదు. ‘ఐ గాట్ హోమ్ ఎట్ నైన్’ అంటే సరిపోతుంది.

విశేషణం వస్తే మార్పు. ‘ఇట్ ఈజ్ డార్క్’ అంటే చీకటిగా ఉంది. ‘ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్’ అంటే చీకటి పడుతోంది. ‘దే ఆర్ మ్యారీడ్’ అంటే వాళ్లు పెళ్లయినవాళ్లు, ‘దే గాట్ మ్యారీడ్ ఇన్ 2019’ అంటే ఆ ఏడాది వాళ్ల పెళ్లి జరిగింది. ఏడాదో తేదీయో చెప్పాల్సి వస్తే ‘గాట్’ వాడండి. అన్నట్టు, ‘డాక్టరుతో పెళ్లయింది’ అనే అలవాటుకొద్దీ మనకి ‘మ్యారీడ్ విత్’ అని వచ్చేస్తుంది. అక్కడ ఉండాల్సింది ‘టు’: ‘షీ గాట్ మ్యారీడ్ టు ఎ డాక్టర్’. ‘మ్యారీడ్ విత్ టూ చిల్డ్రన్’ అనే మాట కూడా ఉంది, దానర్థం పెళ్లయింది, ఇద్దరు పిల్లలున్నారు అని!

ఇక అసలు కష్టమైన చోటికి వద్దాం. ‘ఐ కట్ మై హెయిర్’ అంటే కత్తెర మీ చేతిలోనే ఉందని అర్థం. కటింగ్ చేయించుకున్నాను అనాలంటే ‘ఐ గాట్ మై హెయిర్ కట్’. వరస గమనించండి: గెట్, వస్తువు, ఆపైన క్రియ మూడో రూపం. ‘ఐ గాట్ ద ఫ్యాన్ రిపేర్డ్’, ‘గెట్ యువర్ ఐస్ టెస్టెడ్’ ఈ మూసలోవే. తెలుగులో ‘చేయించు’, ‘రాయించు’ అని క్రియ చివర తగిలించే ‘ఇంచు’ పనిని ఇంగ్లిష్‌లో ఈ వరస చేస్తుంది. ఒక్క చిక్కుంది. ‘షీ గాట్ హర్ ఫింగర్స్ కాట్ ఇన్ ద డోర్’ కూడా ఇదే వరస. ఎవరూ కావాలని వేళ్లు తలుపులో పెట్టుకోరు కదా, అక్కడ ఆ పని ఆమెకి జరిగిపోయింది. చేయించుకున్నదో జరిగిపోయిందో సందర్భాన్ని బట్టి తెలుస్తుంది.

ఎవరిచేత చేయించారో చెప్పాలంటే మనిషి పేరు తర్వాత ‘టు’ వస్తుంది. ‘ఐ గాట్ హిమ్ టు సైన్’ అంటే నచ్చజెప్పో బతిమాలో సంతకం పెట్టించాను. ‘ఐ మేడ్ హిమ్ సైన్’ అంటే మెడలు వంచి పెట్టించాను. ‘ఐ హ్యాడ్ హిమ్ సైన్’ అంటే ఊరికే చెప్పి పెట్టించాను. మేడ్, హ్యాడ్‌లతో ‘టు’ రాదు, గాట్‌తో తప్పకుండా రావాలి.

‘టు’ అంటుండగానే గుర్తొచ్చింది. ‘ఐ గాట్ టు మీట్ హర్’ అంటే ఆమెని కలిసే అవకాశం దొరికింది. ‘ఐ హావ్ గాట్ టు మీట్ హర్’ అంటే కలిసి తీరాలి. ఒక్క ‘హావ్’తో సంబరం కాస్తా బాధ్యత అయిపోతుంది. గబగబా మాట్లాడేటప్పుడు రెండోది ‘ఐ గాటా’ అని వినిపిస్తుంది.

అమెరికాలో ‘గాటెన్’ అనే రూపం కూడా ఉంది. ‘ఐ హావ్ గాటెన్ ఎ న్యూ కార్’ అంటే కొత్త కారు సంపాదించాను, ‘ఐ హావ్ గాట్ ఎ న్యూ కార్’ అంటే నా దగ్గర ఉంది. బ్రిటన్‌లో రెంటికీ మామూలుగా ‘గాట్’ అనే అంటారు. ఏదో ఒక పద్ధతి పట్టుకోండి, రెండూ కలపొద్దు.

బండ్ల సంగతి. లేచి నిలబడి నడవగలిగే బస్సు, రైలు, విమానాలకి గెట్ ఆన్, గెట్ ఆఫ్. వంగి దూరాల్సిన కారుకి గెట్ ఇన్, గెట్ అవుట్. (సైకిల్‌కి మాత్రం గెట్ ఆన్ అనే అంటారు.) మనకి బాగా అలవాటైన ‘గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్’ బయటి దేశాలవాళ్లకి వింతగా తోస్తుంది. వాళ్ల లెక్కలో ‘గెట్ డౌన్’ అనేది చెట్టు మీంచో నిచ్చెన మీంచో దిగడానికి.

ఒక జాగ్రత్త. గెట్ కబుర్ల భాషలో మాట. ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగ్‌ల నార్స్ భాషలోంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక ఫ్రెంచ్ మాటలు కొలువులోకి, కోర్టులోకి చేరాయి. రిసీవ్, అబ్టెయిన్, అరైవ్ ఫ్రెంచ్ నుంచి వచ్చినవే. ఆ హోదా వాటికి ఇప్పటికీ పోలేదు. ఉద్యోగానికి రాసే దరఖాస్తులో ‘ఐ గాట్ యువర్ లెటర్’ కన్నా ‘ఐ రిసీవ్డ్ యువర్ లెటర్’ మేలు. స్నేహితుడికి రాసేటప్పుడు ‘రిసీవ్డ్’ అంటే మాత్రం నోటీసు పంపినట్టుంటుంది.

అభ్యాసం. వీటిని గెట్ వాడి ఇంగ్లిష్‌లో రాయండి: చలి పెరుగుతోంది. నా వాచీ బాగు చేయించుకోవాలి. ఆమె కారు దిగింది. మా అన్నయ్యని ఎలాగో ఒప్పించి రప్పించాను. నాకు అతనితో మాట్లాడే అవకాశం దొరకలేదు. చివరిదానికి ‘హావ్’ జోలికి పోకండి. జవాబులు వచ్చే పాఠంలో ‘మేక్’తో పాటు ఇస్తాను.