ప్లేటు, స్క్రూలు తీయించుకునే ముందు జాగ్రత్తలు

ఎముక విరిగినప్పుడు గుంటూరులో వేయించుకున్న ప్లేటును విజయవాడలో తీయిస్తున్నారా? ముందు పాత ఆపరేషన్ కాగితాలు, వాటికి అంటించిన ఇంప్లాంట్ స్టిక్కర్ (లోపల వేసిన ప్లేటు, స్క్రూల వివరాలుండే చీటీ) వెతకండి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. స్క్రూ తలలో గుంట ఆరు పలకలదా, నక్షత్రం ఆకారమా అన్నది డాక్టరుకు ముందే తెలియాలి. ఆరు పలకలదైతే 3.5 మి.మీ. స్క్రూకు మామూలుగా 2.5 మి.మీ. స్క్రూడ్రైవర్, 4.5 దానికి 3.5 డ్రైవర్ పడుతుంది. సరిపడనిది పెట్టి తిప్పితే గుంట అరిగిపోతుంది, ఇక తలను డ్రిల్‌తో తొలిచేయాల్సిందే. టైటానియం లాకింగ్ స్క్రూలైతే (తల కూడా ప్లేటులోని మరలో బిగుసుకునేవి) ప్లేటుకే పట్టేస్తాయి, అవి మరీ మొండివి.

- కొత్త ఎక్స్‌రే, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి.
- రక్తం పలచబరిచే మాత్రలు, షుగర్ మందుల సంగతి ముందే చెప్పండి. సొంతంగా ఆపకండి.
- ఆపరేషన్‌కు 6 గంటల ముందు నుంచి టిఫిన్, పాలు బంద్.
- తోడు మనిషి ఉండాలి. స్క్రూ రంధ్రాలు పూడేదాకా, అంటే కొన్ని నెలలు, ఆ ఎముక బలహీనమే. పరుగులు, బరువులు వద్దు.