ఎర్రనీటికి ముందు, తర్వాత: రాళ్ల మీది ఆల్చిప్పలను ఎలా గమనించాలి?

గోదావరి డెల్టా అంటే ఒండ్రు, ఇసుక, మడ అడవి. అసలైన రాతి తీరం కావాలంటే విశాఖ వైపు వెళ్లాలి. అయినా మనకూ రాళ్లున్నాయి. కాకినాడ దగ్గరి ఉప్పాడలో సముద్రపు కోతను ఆపడానికి వేసిన బండలు, జెట్టీ స్తంభాలు, హార్బర్ గోడలు. బురదలో పట్టు దొరకని జీవులకు ఇవే ఇళ్లు. కాకినాడ, విశాఖ తీరాల్లో ఉండే ఆకుపచ్చ ఆల్చిప్ప (ఇంగ్లీషులో గ్రీన్ మస్సెల్, శాస్త్రీయ నామం పెర్నా విరిడిస్) కూడా ఇలాంటి గట్టి చోటే వెతుక్కుంటుంది.

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో వెళ్లండి. అప్పుడు నీరు బాగా లాగేస్తుంది. పాటు (నీరు తగ్గే) సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, వేటకెళ్లే వాళ్లనడిగితే సరిగ్గా చెబుతారు. నీరు పూర్తిగా తగ్గడానికి గంట ముందే చేరుకుని, పోటు మొదలవగానే వచ్చేయండి. తోడు లేకుండా వెళ్లొద్దు. చెప్పులు చాలవు, బూట్లు కావాలి. పాచి జారుతుంది, రాతికి అతుక్కున్న ఆయిస్టర్ల (ఇవి మరో రకం చిప్పలు) అంచులు బ్లేడులా కోస్తాయి. ఉప్పాడలో అల నేరుగా బండల మీదే విరుచుకుపడుతుంది కాబట్టి అక్కడ గట్టు మీద నుంచే చూడండి. కొలతలకు అల నెమ్మదిగా ఉండే చోటు ఎంచుకోండి.

ముందు రాయిని పై నుంచి కిందికి చదవాలి. పైన ఎండను తట్టుకునే చిన్న నత్తలు, ఆ కింద తెల్లటి గరుకు గుల్లల్లా బార్నకిల్స్, ఇంకా కిందికి ఆయిస్టర్లు, ఆల్చిప్పలు. ఆల్చిప్ప ఎంత పైకి పాకగలదో ఎక్కువగా ఎండ నిర్ణయిస్తుంది. ఎంత కిందికి దిగగలదో దాన్ని తినేవాళ్లు నిర్ణయిస్తారు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో జీవశాస్త్రవేత్త రాబర్ట్ పెయిన్ 1963 నుంచి ఒక రాతి మీది, ఆల్చిప్పలను తినే స్టార్ ఫిష్‌లను తీసేస్తూ వచ్చాడు. ఆల్చిప్పలు చోటంతా ఆక్రమించాయి, అక్కడి 15 రకాల జీవుల్లో 8 మాత్రమే మిగిలాయి.

ఇక లెక్క. గట్టి తీగతో అర మీటరు చతురస్రం చేసి, పది సెంటీమీటర్లకో దారం కట్టండి. 25 గళ్లు వస్తాయి. రాయి మీద పెట్టి, సగానికి పైగా ఆల్చిప్పలున్న గళ్లను లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఎంత శాతం రాయి నిండిందో సుమారుగా తెలుస్తుంది. ఒక ఫోటో తీసుకోండి, వెనక ఏదైనా స్తంభమో మెట్టో పడాలి. లేకపోతే వచ్చేసారి అదే రాయిని పట్టుకోలేరు.

ఆల్చిప్పను పీకొద్దు. అది తన పాదంతో తయారు చేసుకున్న దారాలతో రాయికీ పక్కవాటికీ కట్టుకుని ఉంటుంది. ఒకదాన్ని లాగితే చుట్టుపక్కలవీ వదులవుతాయి. ఆ సందుల్లోనే తేమ, నీడ నిలుస్తాయి. పురుగులు, చిన్న పీతలు, పిల్ల నత్తలు బతికేది అక్కడే. టార్చి వేసి చూస్తే చాలు. నాకైతే అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే, ఈ ఒక్క పనికి తొందరపడకండి.

మన దగ్గర ఈ లెక్కను రెండుసార్లు చేయాలి: మే నెలలో ఒకసారి, అక్టోబరులో తుపాను లేని రోజు మరోసారి. మధ్యలో గోదావరి వరద, అంటే ఎర్రనీరు వస్తుంది. ఎర్రనీరు అనగానే మనకు పులస గుర్తొస్తుంది, ఆల్చిప్పకు మాత్రం అది గడ్డుకాలం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత మంచినీరు కలిసిన చోట ఉప్పు పడిపోతుంది. ఆల్చిప్ప చిప్పలు బిగించుకుని కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, మరీ ఎక్కువ రోజులైతే చనిపోతుంది. రొయ్యల చెరువుల వాళ్ల దగ్గర సెలినిటీ మీటర్ ఉంటుంది, అడిగి రెండుసార్లూ ఉప్పు చూసి రాసుకోండి.

అక్టోబరులో ఖాళీ చిప్పలు వెతకండి. గుండ్రటి చిల్లు ఉంటే దాన్ని వేటాడే నత్త తొలిచినట్టు. అంచు పగిలి ఉంటే పీత పని కావచ్చు. చిల్లూ పగులూ లేకుండా రెండు చిప్పలూ నోరు తెరుచుకుని ఇంకా దారాలతో వేలాడుతుంటే వరదనో ఎండనో అనుమానించాలి, మీటర్ లెక్క అక్కడ పనికొస్తుంది. ఆ పాత దారాల మధ్య గోరంత కొత్త పిల్లలు కనిపిస్తే వాటిని విడిగా లెక్కపెట్టి, మే నెల అంకె పక్కనే రాసుకోండి.