తంగేడు ఆకు రాలుస్తోందా? మందు కొట్టే ముందు మొక్క మొదలు పట్టుకుని ఊపి చూడండి

గుట్ట మీద ఎవరూ చుక్క నీళ్లు పోయని తంగేడు విరగబూస్తుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పమని ముచ్చటపడి గేటు పక్కన పెట్టుకున్నది మాత్రం ఆకు పసుపెక్కి రాలిపోతుంది. అడిగిన ప్రతివాళ్లూ యూరియా వేశాం, మందు కొట్టాం అంటారు. వేరు చూశారా అంటే సమాధానం ఉండదు.

ముందు మట్టిలో వేలు పెట్టండి. తడి తగిలితే నీళ్లు ఆపేయండి. సగం మొక్కలు దీనితోనే తేరుకుంటాయి. నల్లరేగడి అయితే నీళ్లు నిలవకుండా కాస్త మట్టి ఎత్తు చేసి నాటాల్సింది.

నీళ్లు సరిగ్గానే ఉన్నా వాడిపోతుంటే మొదలు పట్టుకుని ఊపండి. వదులుగా కదిలిందా, జబ్బు నర్సరీ కవర్‌లోనే మొదలైంది. దేవరకొండలో మా ఇంటి ముందు నాటిన మూడూ ఏడాదిన్నర బాగానే పెరిగాయి. ఏప్రిల్‌లో ఆకు రాలింది. నీళ్లు పెంచాను, ఇంకా పసుపెక్కింది. జూన్ గాలివానకు ఒకటి ఒరిగింది. ఒంటి చేత్తో లాగితే ఊడొచ్చింది. తల్లివేరు బిందె కింద పెట్టే చుట్టకుదురులా గుండ్రంగా చుట్టుకుపోయి ఉంది, కవర్ అడుగు ఎంతుందో అంతే.

తంగేడు బతికేది లోతుకు దిగే ఆ వేరు మీదే. కవర్‌లో ఎక్కువకాలం ఉంటే అది చుట్టలు తిరుగుతుంది, నేలలో పెట్టినా ఆ చుట్ట విప్పుకోదు. రోజూ నీళ్లు పోసినన్నాళ్లు పైవేళ్లతో నెట్టుకొస్తుంది, మనకు తెలియదు. ఎండలు ముదిరి పై మట్టి ఆరితే దాహం, మనం ఇంకా పోస్తే కుళ్లు.

కొనేటప్పుడు కవర్ ఎత్తి అడుగు చూడండి. రంధ్రాల్లోంచి వేళ్లు బయటికొచ్చినది వద్దు. జానెడు మొక్క చాలు, నిలువెత్తు మొక్కకు ఆశపడొద్దు. ఇప్పటికే కొనేసి ఉంటే, నాటే ముందు కవర్ చీల్చి అడుగున చుట్టుకున్న భాగాన్ని రెండు వేళ్ల మందం కోసేసి, వారం రోజులు నీడ కల్పించండి. నాటి ఏడాది దాటితే చేసేదేం లేదు. పక్కనే గింజ పెట్టండి. నేనూ అదే చేశాను.

గింజ పెంకు గట్టిది. ఎండిన కాయల్లోవి తీసి, గరుకు రాయి మీద నాలుగైదుసార్లు రుద్ది, వేడినీళ్లలో వేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి ఉబ్బినవే పనికొస్తాయి. మృగశిర వాన పడ్డాక మొక్క ఎక్కడ ఉండాలో అక్కడే నేరుగా నాటండి.

ఆకు బాగుండి పూత లేకపోతే కారణం నీడ, లేదా ఎక్కువైన యూరియా. పూలు కొమ్మల చివర వస్తాయి కాబట్టి బతుకమ్మ ముందు కొనలు కత్తిరించకండి, పండగయ్యాక ఎంతైనా కత్తిరించుకోండి. పచ్చ పురుగులు ఆకు తింటే తిననివ్వండి, సీతాకోకచిలుకలవి, ఆకు మళ్లీ వస్తుంది. పిండినల్లి పడితే పైపుతో గట్టిగా కడిగితే పోతుంది.