మేడ మీద ఎగిరే పళ్లాల సినిమాలు వేయాలంటే

చెన్నైలో మన తెలుగువాళ్లు పదిమంది కలిసి పాత ఎగిరే పళ్లాల సినిమాలు, అంటే వేరే గ్రహాలవాళ్లు ఫ్లయింగ్ సాసర్లలో దిగే సినిమాలు చూద్దామంటే పెద్ద హాలేమీ అక్కర్లేదు, అపార్ట్‌మెంట్ మేడ చాలు. కాకపోతే వీటిని నవ్వుకోవడానికి వేయకండి. 1947 జూన్‌లో అమెరికాలో కెనెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ రెయినియర్ కొండ దగ్గర తొమ్మిది వింత వస్తువులు దూసుకుపోవడం చూశానన్నాడు, పేపర్లవాళ్లు వాటికి ఎగిరే పళ్లాలని పేరు పెట్టారు, ఆ తర్వాత కొన్నేళ్లు అక్కడి జనం నిజంగానే బెదురుతూ ఆకాశం వైపు చూశారు. సినిమా వేసే ముందు ఈ సంగతి రెండు నిమిషాలు తెలుగులో చెప్పండి, చూసేవాళ్ల తీరే మారిపోతుంది.

మొదట 1951లో వచ్చిన 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్' వేయండి. గంటన్నర సినిమా. ఇది దాదాపు చదరంగా ఉండే పాతకాలపు బొమ్మ, తెర నిండాలని ప్రొజెక్టర్‌లో సాగదీయకండి. మేం మొదటిసారి అలాగే చేశాం. పళ్లెం అట్లపెనంలా పరుచుకుపోయింది, మనుషులు పొట్టిగా లావుగా కనిపించారు, ఒక పెద్దాయన "వీళ్లంతా ఇలా ఉన్నారేంటమ్మా" అని అడిగేదాకా మాకు తట్టలేదు. పక్కల నల్లగా ఖాళీ ఉంటే ఉండనివ్వండి.

తెరకి దుప్పటి సరిపోతుంది గానీ సముద్రపు గాలికి అది తెరచాపలా ఉబ్బుతుంది. కింది అంచు మడిచి కుట్టించి, అందులో పీవీసీ పైపు దూర్చి, రెండు చివరలా నీళ్ల బాటిళ్లు కట్టండి. చీకటి బాగా పడ్డాకే మొదలుపెట్టండి, లేకపోతే నలుపు తెలుపు బొమ్మ వెలిసిపోయినట్టుంటుంది.

సౌండ్ విషయంలో మాత్రం రాజీపడొద్దు. ఆ సినిమాకి సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తెరమిన్ వాడాడు, చేత్తో తాకకుండా గాల్లో చేతులు కదిపితే పలికే వాయిద్యం అది, ఆ మూలుగు వినబడకపోతే సినిమాలో సగం పోయినట్టే. స్పీకర్ వైరుతోనే కలపండి. బ్లూటూత్ అయితే ఒక్కోసారి పెదాలు కదిలాక మాట వస్తుంది.

మధ్యలో గుగ్గిళ్లు, టీ. అప్పుడే 1963 నాటి తమిళ సినిమా 'కలై అరసి'లోంచి ఒక ముక్క చూపిస్తే పక్క ఫ్లాట్ల తమిళులు కూడా కుర్చీలు లాక్కుని వచ్చేస్తారు. ఎంజీఆర్ హీరో, మన భానుమతి గారు హీరోయిన్, వేరే గ్రహంవాళ్లు తమ లోకంలో సంగీతం నేర్పించడానికి ఆవిడని ఎత్తుకుపోతారు! భానుమతి గారి గొంతు విన్నవాళ్లెవరికీ అందులో వింతేమీ తోచదు.

రెండోది 1956 నాటి 'ఎర్త్ వర్సెస్ ది ఫ్లయింగ్ సాసర్స్'. ఇందులో పళ్లాలన్నీ రే హ్యారీహౌసెన్ చేతిపని. పళ్లెం నమూనాని తీగలకి వేలాడదీసి, పిసరంత కదిపి ఒక ఫ్రేము, మళ్లీ పిసరంత కదిపి ఇంకో ఫ్రేము, సెకనుకి 24. చివర్లో వాషింగ్టన్ భవనాలు కూలేటప్పుడు రాలిపడే ముక్కల్ని కూడా అలాగే కదిపాడు. సినిమా అయ్యాక ఆ ఘట్టాన్ని ఇంకోసారి నెమ్మదిగా వేయండి. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి, ఒక్కో ముక్క ఎటు పడుతోందో వాళ్లే వేలు పెట్టి చూపిస్తారు.

టికెట్టు మాత్రం పెట్టకండి, ప్రదర్శన హక్కుల సంగతి ముందే కనుక్కోండి.